పంపు మీది తెల్ల గీత

చివరి బోల్టు మొండికేసింది. ఫిట్టరు పానా మీద ఒళ్ళంతా వేసి వాలాడు. బోల్టు కీచుమని అరిచి దారికొచ్చింది. పంపు మూతను పొట్టకు ఆనించుకుని మెల్లగా వెనక్కి లాగాడు. లోపల మిగిలిన జిగురు తేనెరంగులో తీగలు తీగలుగా సాగి మూతతో పాటే వచ్చింది.

సరిగ్గా అతని నెత్తిమీద, పై అంతస్తులో, గదంత పాత్రలో జిగురు తయారై ఉంది. దాన్ని కిందికి లాగి ట్యాంకుల్లో నింపాలి. లాగాల్సిన పంపేమో ఇక్కడ ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది. ఆలస్యమైతే జిగురు పాత్రలోనే గట్టిపడి రాయవుతుంది. ఒకసారి అలాగే అయితే మనుషులు పాత్రలోకి దిగి ఉలులతో చెక్కాల్సి వచ్చింది. ఆ మోత తలుచుకుంటే అతనికి ఇప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి.

అయినా అతని మనసు జిగురు మీద లేదు. పొద్దున రేకు తొడుగు తీయగానే కనిపించిన తెల్ల గీత మీద ఉంది.

ఈ పంపులో పెద్ద గేరు కడుపులో చిన్న గేరు ఇమిడి తిరుగుతుంది. రెండింటి మధ్యా నెలవంక లాంటి ఇనుప ముక్క ఉంటుంది. పెద్ద గేరుకూ మూతకూ నడుమ కాగితమంత సందు ఉండాలి. ఎక్కువైతే జిగురు వెనక్కి జారిపోతుంది. తక్కువైతే ఇనుము ఇనుమును కొరుక్కుని పంపు పట్టేస్తుంది. వెనకనున్న బేరింగు గూడును బిగిస్తూ, వదులు చేస్తూ, రెండో చేత్తో షాఫ్టును తిప్పుతూ, తాకీ తాకని ఆ రాపిడిని వేళ్ళతోనే పట్టుకోవాలి. అది కుదిరాక గూడు మీంచి పంపు ఒంటి మీదికి అతనొక తెల్ల గీత గీస్తాడు. గూడును ఎవరైనా కదిలిస్తే గీత రెండు ముక్కలై పట్టిస్తుంది. దాని మీద రేకు తొడుగు వేస్తే మళ్ళీ పంపు విప్పేదాకా గీత ఎవరికీ కనిపించదు.

ఆ రంగు పోసుకున్నది భార్య వాడి పారేసిన గోళ్ళరంగు సీసాలో. మూతకే కుంచె ఉంటుంది మరి! పంపు నడవడం మొదలుపెట్టాక ఆ సీసాను దాని నెత్తిన నిలబెట్టి, "చూశారా, కదిలిందా?" అని వచ్చినవాళ్ళకల్లా చూపించడం అతనికి ముచ్చట. కార్ఖానాలో అతని పేరు కొలబద్ద. పైకి విసుక్కునేవాడు గాని ఆ పేరంటే ప్రాణం.

ఇవాళ ఆ గీత రెండు ముక్కలై ఉంది. గూడు మీది ముక్క గోరు వెడల్పున పక్కకు జరిగింది.

తొడుగు వేసేదీ, పంపు నడిపేదీ ఒక్కడే. ఆపరేటరు. సాక్షాత్తూ అతని బావమరిది. ఈ పనిలో చేర్పించింది తనే, షాఫ్టు చేత్తో తిప్పి చూడడం నేర్పిందీ తనే. "స్విచ్చు రాజా, నీకిది పట్టుబడదులే" అని నలుగురిలో ఆటపట్టించిందీ తనే. ఆ కసి ఇలా తీర్చుకున్నాడా?

"కొత్త బుష్ తెచ్చాను బావా" అన్నాడు బావమరిది.

"అక్కడ పెట్టు."

చిన్న గేరు నడిమి రంధ్రంలోని ఇత్తడి ఉంగరం, బుష్, అరిగి కోడిగుడ్డులా సాగి ఉంది. పంపు లాగడం మానేసింది దానివల్లే. గీత జరగడం వల్ల కాదు. ఆ సంగతి తెలిసినా ఫిట్టరు కోపం తగ్గలేదు. తను కుదిర్చిన పంపు మీద ఇంకొకడు చెయ్యి పెట్టడమా?

కొత్త బుష్ ఎక్కించాడు. గేర్లను కిరసనాయిలుతో కడిగి, పళ్ళ అంచులు ఆకురాయితో నున్నగా చేశాడు. చేతులు అలవాటుగా కదులుతున్నాయి గాని చూపు వాటినే కనిపెట్టుకుని ఉంది. కొన్నాళ్ళుగా అతని వేళ్ళ కొసలు మొద్దుబారాయి. పొద్దున్నే చొక్కా గుండీలతో కుస్తీ పడుతుంటే భార్య వచ్చి, "పెళ్ళికొడుకు ముస్తాబు రోజూ నా చేతుల మీదేనా?" అంటూ తనే పెడుతుంది. నవ్వుతూనే అంటుంది, తలెత్తి మాత్రం చూడదు. అతను ఎవరికీ చెప్పలేదు. వేళ్ళు లేకపోతే కొలబద్ద ఏముంది, వట్టి బద్ద. అతనికి భయంగా ఉంది.

సూపర్వైజరు పైనుంచి వంగి చూశాడు. "పెద్దాయనా, జిగురు కలిపే మోటారు మూలుగుతోంది. పాత్ర కింద ఆవిరి పెంచితే అడుగు మాడుతుంది, పెంచకపోతే గడ్డకడుతుంది. ఇంకా ఎంతసేపు?"

"బిగించడమే."

మూత ఎక్కించి బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. వెనక్కి వచ్చి, షాఫ్టు తిరగనంటూ మొరాయించేదాకా గూడును బిగించాడు. తర్వాత కొద్దికొద్దిగా వదులు చేస్తూ షాఫ్టును తిప్పాడు. ఊపిరి బిగబట్టి వేళ్ళ మాట వినాలని చూశాడు. నున్నగానే తిరుగుతున్నట్టుంది.

"అయింది. స్విచ్చు వెయ్యి."

బావమరిది స్విచ్చు దగ్గరికి పోలేదు. వంగి షాఫ్టు మీద చెయ్యి వేశాడు.

"గీరుకుంటోంది బావా."

"ఓహో! పోయినసారి గూడు కదిపింది నువ్వేనన్నమాట!"

"నేనే."

పైన మోటారు మూలుగు ఇంకాస్త బరువెక్కింది.

"నా పని మీద నీ పెత్తనమేంటిరా?"

"నువ్వు చేతులు కడుక్కోవడానికెళ్ళావు. తిప్పి చూస్తే గీరుకుంటోంది. అలాగే స్విచ్చేస్తే పట్టేసేది. కాస్త వదులు చేసి తొడుగు వేశాను."

"నాకు చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నువ్వొచ్చి సీసా నిలబెట్టి అందరికీ చూపిస్తున్నావు, నన్ను కూడా పిలిచి మరీ." గొంతు తగ్గించాడు. "అక్క గుండీల సంగతి చెప్పింది. కాస్త కనిపెట్టుకుని ఉండరా అంది."

ఫిట్టరు గూడు మీంచి పానాను విసురుగా లాగేశాడు.

"నీ వేలు చూసుకో బావా."

కుడిచేతి చూపుడువేలు తెగి ఉంది. గేరు పన్ను కోసుకుపోయినట్టుంది. నెత్తురు పానా మీదా, గూడు మీదా మరకలుగా ఉంది. ఎప్పుడు తెగిందో అతనికి తెలియనే తెలియదు.

"పెద్దాయనా!" పైనుంచి కేక.

ఫిట్టరు పానాను మళ్ళీ గూడుకు తగిలించాడు. షాఫ్టు వంక చూడకుండా, "నువ్వు పట్టుకో. ఎక్కడ ఆపాలో చెప్పు" అన్నాడు.

"కొంచెం వదులు... ఇంకొంచెం... ఉండు ఉండు, ఎక్కువైంది, వెనక్కి... వెంట్రుకవాసి... చాలు!"

స్విచ్చు వేశారు. పంపు ఒకసారి గుర్రుమంది. గొట్టం మీది మీటరు ముల్లు కదల్లేదు. ఇద్దరూ ముల్లునే చూస్తూ నిలబడ్డారు. ఫిట్టరు ముంజేతి లోపలి భాగాన్ని గొట్టానికి ఆనించాడు. చల్లగా ఉంది. ఇంకా చల్లగానే ఉంది. అప్పుడు వెచ్చదనం నెమ్మదిగా పాకుతూ వచ్చింది, ఆ వెంటనే వేడి చురుక్కుమంది. ముల్లు లేచింది. పైన మోటారు మూలుగు తగ్గింది. ఫిట్టరుకు సంతోషంతో, సిగ్గుతో కళ్ళు మసకబారాయి.

"గీత నువ్వే గియ్యి" అంటూ సీసా అందించాడు.

బావమరిది అలవాటు లేని చేత్తో కుంచె లాగాడు. గీత వంకరగా వచ్చింది.

"వానపాములా ఉంది" అన్నాడు ఫిట్టరు.

"నీ దగ్గర నేర్చుకున్నదేగా!" అంటూ బావమరిది సీసా తిరిగిచ్చాడు.

ఫిట్టరు మెట్లెక్కి పైకి వెళ్ళాడు. సూపర్వైజరుకు తెగిన వేలు చూపించి ఉన్నమాట చెప్పేశాడు. ఆయన స్టోర్సులో కూర్చుని చేసే పని ఇప్పిస్తానన్నాడు. ఫిట్టరు తల అడ్డంగా ఊపాడు. స్టోర్సు కిటికీలోంచి చూస్తే ఈ పంపే కనిపిస్తుంది. రేపటినుంచి రాననీ, తన పని బావమరిదికి ఇమ్మనీ అడిగి కిందికి దిగాడు.

వేలికి కట్టు కట్టించుకుని, జిడ్డు బట్టలు విప్పి, చొక్కా తొడుక్కుని బావమరిది ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గుండీలు పెట్టరా."

బావమరిది చేతులు తుడుచుకుని ఒక్కో గుండీ పెట్టాడు. చొక్కా నిండా జిగురు వేలిముద్రలే.

"అక్క తిడుతుంది బావా."

"తిట్టనీ. నీ ఘనకార్యమేనని చెప్తాను."

పంపు నడుస్తుండగా ఆపరేటరు కదలడానికి లేదు. సాగనంపడానికి గేటు దాకా ఎవరూ వెళ్ళలేదు. ఫిట్టరు ఖాళీ చేతులను జేబుల్లో పెట్టుకుని, ట్యాంకుల పక్కనుంచి మలుపు తిరిగిపోయాడు.

రేకు తొడుగు బిగించాక బావమరిది తలెత్తి చూశాడు. పంపు నెత్తిన, బావ మూత సగమే తిప్పి పెట్టిపోయిన ఆ గోళ్ళరంగు సీసా కదలకుండా నిలబడి ఉంది.