వేడెక్కిన సెల్లు

...పొద్దుగాల ఇంద్రకరణ్ చూడమని తెచ్చిన పన్నెండు బ్యాటరీ సెల్లులల్ల పదకొండు సల్లగనే ఉండె, గా ఒక్క సెల్లే ఛార్జింగుల పెట్టిన పావుగంటకు వేళ్లకు సుర్రుమన్నది, అసొంటిది చెడిపోయిందని నాకు తెల్వదా, తెలుసు, తెలిసే అన్ని మంచిగున్నయి తమ్మీ అన్న, ఇంద్రకరణ్ మంచిది అన్నా అని డబ్బ సంకల పెట్టుకొని పోయిండు, రాందాస్ చౌరస్తాల నా రేడియో దుకాణం ముంగటనే వాని దుకాణం, నడుమ సకల జనుల సమ్మె శిబిరం, వానికి టంకం పెట్టుడు నేర్పింది ఎవరు, ఈ జకరయ్య కాదా, ఆరేండ్లు నా కాడ చేసినోడు ఇప్పుడు పట్నం పోయి పాత లాప్‌టాప్ బ్యాటరీలు బస్తాలల్ల తెస్తుండు, ప్లాస్టిక్ డొప్ప పైలంగ ఇప్పి లోపటి ఆరు సెల్లులల్ల పనికొచ్చేటియి ఏరి లైట్లు చేస్తుండు, బొగ్గు బందయి కరెంటు ఎప్పుడొస్తదో తెల్వని రోజులాయె, ఊరంత వాని కాడనే, నా కాడికి పేతురు తాత ఒక్కడు, అదీ ముచ్చటకు, గా పోరడు మస్తు తెలివైనోడు జకరయ్యా, నువ్వెందుకు చెయ్యలే అన్నడు, నవ్విన, దవడలు నొచ్చేటట్టు నవ్విన, ఇంటికి పోతే వంటింట్ల వాని లైటే, సౌభాగ్యమ్మ దాని కింద ఉల్లిగడ్డ కోసుకుంట ఎంత తెల్లగున్నదో చూడుండ్రి అంటది, నా పెండ్లాం, నా ఇల్లు, వాని ఎల్తురు.

ఒక్క లైటు పొగలు కక్కితే చాలు, మంది మల్ల నా దిక్కు మర్లుతరు, గిట్ల అనుకున్ననా, అనుకున్న, ఆదివారం చర్చిల ముందటి బెంచి మీద కూసునే నేనే అనుకున్న, ప్రభువా.

మధ్యాన్నం సౌభాగ్యమ్మ దుకాణానికి బువ్వ గిన్నె తెచ్చి మూత తీసుకుంటనే చెప్పింది, ఇంద్రకరణ్ వాళ్లమ్మకు లైటు చేసిండట, కాలిరిగి మంచంలున్నది గద ఆగమ్మ, పొద్దుగాల మీరు చూసిన సెల్లులేనట, తలాపుకే కట్టిండట, గిన్నె పక్కకు నూకిన, ఆగమ్మ, నాకు జరమొస్తే జొన్నగటక కాసి పంపిన ఆగమ్మ, తలాపుకు, కింద పాత చీరెల బొంత, లేసి ఉరికిన, చెప్పులు లెవ్వు, శిబిరంల జై తెలంగాణ అంటుండ్రు, ఎవరో ఏమైందన్నా అంటుండ్రు, ఏమైందని చెప్పాలె, ఎవరికి చెప్పాలె, గల్లీ ఇంత పొడుగెట్లయింది.

ఆగమ్మ పండుకొని ఉన్నది, లైటు ముట్టుకుంటే అరచెయ్యి కాలింది, పీకి వాకిట్లకు ఇసిరిన, ఇంద్రకరణ్ బయటికొచ్చిండు, తమ్మీ గా సెల్లులల్ల ఒకటి చెడ్డది, నాకు పొద్దుగాలనే తెలుసు, తెలిసే అబద్ధం చెప్పిన, అన్న, వాడు తిట్టలే, కొట్టలే, కొడితే మంచిగుండు, కూసోని డొప్ప ఇప్పిండు, ఒక కొస ఉబ్బిన సెల్లును గుడ్డతోని పట్టి మట్టిల పెట్టిండు, నన్ను చూడకుంటనే, నాకు సుత వేడే తాకిందన్నా, అనుమానమొచ్చే నీ కాడికి తెచ్చిన, నువ్వు మంచిగున్నదంటివి, నా చెయ్యే తప్పనుకున్న, అన్నడు.

నా చెయ్యే తప్పనుకున్న, గింత దుకాణం పెట్టి, ఊరంతటితోని మెప్పు పొంది, వాని సొంత వేళ్ల కన్న నా మాటనే నమ్మిండు, కన్నతల్లి తలాపు కాడ సుత నమ్మిండు, ఊరంత వాని దిక్కు పోయిందని నేను కుళ్లిన ఇన్నొద్దులు వాడు ఒక్కడు నా దిక్కే ఉండె, ఇయ్యాల్టి దాంక ఉండె.