పదిహేడో రాయి

ముందే ఒప్పేసుకుంటాను: ఈ కథలో ఫర్జానా చేసిన పని మంచిది కాదు. అయినా నేను ఆమె వైపే. అసూయ పడని మనుషుల కథ చెప్పేంత ఓపిక నాకు లేదు.

ఫర్జానాది బోగోలు. వాళ్ళ నాన్న చోటే సాహెబ్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆమె ఇంజనీరింగు చదివి, ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీ యాప్‌లో తప్పులు వెతికి పెడుతుంది. వారమంతా తప్పులు వెతికిన మనిషి సెలవొస్తే రాళ్ళు వెతుకుతుంది. మామూలు రాళ్ళు కావు. దొరల కాలంలో సర్వే వాళ్ళు ఏ చోటు సముద్రానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో కొలిచి, కల్వర్టుల మీద, స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద, బంగళా మెట్ల మీద ఒక గుర్తు చెక్కి వెళ్ళారు. చిన్న చదరం, దాని కింద మూడు గీతల బాణం. బెంచ్‌మార్క్ అంటారు. వాటికోసం తిరిగి కాళ్ళు పీకినప్పుడల్లా ఏదో ఒక బెంచీ మీద కూలబడేది కాబట్టి, బెంచీల్ని కూడా ఫోటో తీయడం అలవాటైంది. ‘ఫలానా వారి జ్ఞాపకార్థం’ అని రాసిన బస్టాపు సిమెంటు బెంచీలు, కాలు విరిగితే ఇటుకలు పేర్చిన టీకొట్టు బల్లలు. అన్నీ కలిపి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ పెట్టింది.

“రాళ్ళకు ఫోటోలు తీసేదానికా నిన్ను ఇంజనీరింగు చదివించింది?” అనేవాడు చోటే సాహెబ్.

“బెంచీలక్కూడా నాన్నా” అనేది.

అంతవరకు బాగానే ఉంది. ఆరు నెలల కిందట కాలేజీ స్నేహితురాలు కామాక్షి, విడవలూరు వైపు రైతు కూతురు, “నేనూ వస్తామే” అని స్కూటరేసుకుని తయారైంది. దారిలో ఎవరు వెనకబడినా తెలియాలని, ఇద్దరూ ఫోన్ మ్యాపులో ఒకరికొకరు కనిపించేట్టు పెట్టుకున్నారు.

ఇద్దరివీ ఒకే రకం ఫోన్లు. ఫర్జానా బెంచీని తీస్తే ఫోటోలో బెంచీ పడేది. కామాక్షి ముందు వెళ్ళి బెంచీ మీద కూర్చునేది. పక్కనున్న ముసలమ్మతో కోడలి పురుడు దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ నొప్పుల దాకా అరగంట మాట్లాడేది. ఆ తర్వాత తీసిన ఫోటోలో ఆ ముసలమ్మ బస్టాపులో కాదు, సొంత వసారాలో కూర్చున్నట్టు ఉండేది. నెల తిరిగేసరికి ఫర్జానా పేజీ కింద, ఫర్జానా కష్టపడి పెట్టిన అక్షాంశాల కింద, జనం రాసేది ఒకటే: “కామాక్షి గారి ఫోటో ఎప్పుడు పెడతారు?”

నెల్లూరులో ఒక లైబ్రరీ వాళ్ళు గోడకు పెట్టుకుంటామని పన్నెండు ఫోటోలు ఎంచుకున్నారు. తొమ్మిది కామాక్షివి, మూడు ఫర్జానావి. ఫర్జానా “సూపర్!!” అని మెసేజ్ పెట్టి, పక్కన మూడు హృదయాలు కూడా పెట్టింది. ఒక్కో హృదయం పెట్టేటప్పుడు ఆమె మొహం ఎవరూ చూడకపోవడం మంచిదైంది.

ఇక మిగిలింది పదిహేడో రాయి. సర్వే వాళ్ళ పాత జాబితా ప్రకారం, వాళ్ళు కొలుచుకుంటూ పోయిన దారిలో పదిహేడు గుర్తులుండాలి. కామాక్షి రాకముందే ఫర్జానా పదహారు పట్టేసింది. ఆ చివరిదైనా తన పేరు మీద, తను ఒక్కతే వెతికినట్టుగా ఉండాలని ఫర్జానా పట్టుదల. ‘కాలవ కల్వర్టు, తూర్పు గోడ చివర’ అని ఉంది జాబితాలో. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కల్వర్టు పగలగొట్టేశారు. మూడు ఆదివారాలు వెళ్ళి చూసింది. కొత్త సిమెంటు, ఒక టీకొట్టు, దాని పక్కన చిన్న గద్దె మీద నిలువునా పసుపు పూసిన దేవుడు. దేవుడి దగ్గర చెప్పులు విడిచి, తగలకుండా చుట్టూ తిరిగి వెతికి, వట్టి చేతులతో వచ్చేసింది.

శుక్రవారం కామాక్షి మెసేజ్ పెట్టింది. “రేపు నాకు ఖాళీ. ఆ పదిహేడోది యాడో లొకేషన్ పెట్టుమే. ఒకసారి అడిగి చూస్తా.”

అడిగి చూస్తుందంట! మూడు వారాలు ఎండలో తిరిగిన తనకు దొరకనిది, ఈమె అడిగితే దొరుకుతుంది. దొరుకుతుందనే ఫర్జానా భయం కూడా. మ్యాపు తెరిచింది. కాలవకు ఆరు కిలోమీటర్ల తూర్పున, రొయ్యల గుంటల మధ్య గుర్తు పెట్టి పంపింది. “నాకు పనుంది, నువ్వు పో” అని కూడా రాసింది.

శనివారం పొద్దున్నే తను మాత్రం కాలవ దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ వెతికింది. మళ్ళీ ఏమీ లేదు. టీకొట్టు బల్ల మీద కూర్చునేసరికి ఫోన్ మోగింది.

“యాడుండావు మే?” అంది కామాక్షి.

“ఇంట్లో. పనిలో ఉండా.”

అప్పుడే ఒక లారీ చెవులు పగిలేట్టు హారన్ కొట్టుకుంటూ పోయింది.

“మీ ఇంట్లోకి లారీ వచ్చినట్టుందే. సరే, విను. నువ్వు పెట్టిన చోట కల్వర్టూ లేదు, పాడూ లేదు. రొయ్యల గుంటల కాపలా తాత ఉంటే మాట్లాడినా, వెంకయ్య తాతని. ఆయన కాలవ రోడ్డు పనికి పోయుండాడంట. కల్వర్టు పగలగొట్టేటప్పుడు మూడు గీతల రాయొకటి బయటపడిందంట. ఊరోళ్ళు దాన్ని నామం అనుకోని, పెంచలస్వామి వెలిసినాడని ప్రొక్లెయినుకు అడ్డం కూర్చున్నారంట. రాయిని పక్కన గద్దె మీద నిలబెట్టినారు.”

ఫర్జానా మెల్లగా తల తిప్పి గద్దె వైపు చూసింది.

“శనివారం పొద్దున కడిగి మళ్ళా పసుపు పూస్తారంట. గీతలు కనపడేది ఆ కాసేపే. నీకు పదడుగుల దూరం. లేచి పో.”

“నీకెట్లా తెలుసు నేను...”

“పొద్దున్నుంచీ మ్యాపులో నీ బొమ్మ కాలవ కాడే ఉండాది గదమే. నువ్వు యాప్‌లు టెస్టు చేసేది ఎట్నో నాకర్థం కాలా.”

ఫర్జానాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “కోపం రాలేదా?”

“వచ్చింది. ఆడికొచ్చినాక తిడతా. ముందు ఫోటో తీ, పసుపు పూసేస్తారు.”

ఆ మాటతో ఫర్జానాకు అసూయ తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది. ఫోటోలు బాగా తీస్తుందని ఇన్నాళ్ళూ కుళ్ళుకుంది. ఇప్పుడు మంచితనంలో కూడా ముందుంటే ఎట్లా?

గద్దె దగ్గర ఒకావిడ బిందె దించుతోంది. పేరు నాగులమ్మ. “ఎవురమ్మాయివి?” అంది.

“బోగోలు చోటే సాహెబ్ కూతుర్ని.”

“కుట్టుమిషన్ సాయిబు కూతురివా! నా మిషను ఆయన చెయ్యి పడితేనే తిరుగుతాది. ఇట్రా, నడుం పట్టేసింది. నీళ్ళు నువ్వు పొయ్యి, నేను రుద్దుతా.”

“నేను పొయ్యచ్చా అమ్మా?”

“నీళ్ళే గదా. పొయ్యి.”

ఫర్జానా పోసింది. వారం నాటి పసుపు ధారలుగా జారిపోయింది. ముందు చదరం, తర్వాత బాణం, దాని మూడు గీతలు, పక్కన అరిగిపోయిన అక్షరాలు. మూడు వారాలుగా వెతుకుతున్నది వేలికి తగిలింది.

“అమ్మా, కాసేపు ఆగుతారా? నా స్నేహితురాలు వస్తా ఉంది.”

“తొమ్మిదికి రాహుకాలం తల్లీ. పది నిమిషాలు ఆగుతా, అంతే.”

పది నిమిషాలూ ఫర్జానా రోడ్డు వైపే చూసింది. స్కూటర్ రాలేదు. నాగులమ్మ పసుపు చేతిలోకి తీసుకున్నాక ఇక ఆగలేక నాలుగు ఫోటోలు తీసింది. ఆఖరి గీత మీద పసుపు పడుతుండగా కామాక్షి దుమ్ము కొట్టుకుపోయి వచ్చి దిగింది. ఒక టీ అయిపోయేంతసేపు తిట్టింది. రొయ్యల గుంటల గట్టు మీద స్కూటరు రెండుసార్లు జారిందని విడిగా ఇంకో విడత తిట్టింది. ఆ తర్వాత కామాక్షి నాగులమ్మ పక్కన కూర్చుని, నడుం నొప్పి గురించి అడిగి, పసుపు చేతులు ఆరబెట్టుకుంటున్న ఆవిడను ఒక ఫోటో తీసింది. ఒకే ఒక్కటి. చూడగానే ఫర్జానాకు తెలిసిపోయింది, అది తన నాలుగింటికన్నా బాగుందని.

బల్ల మీద కూర్చుని పేజీ తెరిచింది. గీతలు కనిపించే ఫోటో లోకంలో తన దగ్గర మాత్రమే ఉంది. ‘పదిహేడో రాయి. కనిపెట్టింది: ఫర్జానా’ అని రాసింది. చాలాసేపు దాన్ని చూసుకుంది. చాలా అందంగా ఉంది ఆ వాక్యం. చెరిపేసి, ‘కనిపెట్టింది: కామాక్షి. ఫోటో: ఫర్జానా’ అని రాసి, మనసు మారేలోపు నొక్కేసింది.

దాని పక్కనే పెట్టిన కామాక్షి పసుపు చేతుల ఫోటోకు మూడింతల లైకులొచ్చాయి. ఫర్జానా అవన్నీ లెక్కపెట్టింది, ఒప్పుకోదు గానీ.

మీరూ ఎప్పుడైనా మీకు ఇష్టమైన మనిషికే తప్పు దారి చూపించారా? వాళ్ళకు తెలిసిపోయిందా? ఆ తర్వాత ఏం చేశారు? కింద రాయండి. మంచివాళ్ళుగా కనపడాలని మార్చి రాయకండి. ఫర్జానా అన్నీ చదువుతుంది.