బయటి గుమ్మం

"గడపోడా! ఒరేయ్ గడపోడా! చెవుల్లో దూది పెట్టుకున్నావా? తలుపు తియ్యరా!"

వేలం తాత కేకకి అతను ఉలిక్కిపడి గడియ లాగాడు. అమ్ముడుపోయిన గేదె తలూపుకుంటూ నల్లరాతి గడప దాటింది. దాటగానే, అన్ని పశువుల్లాగే, పాత ఇంటిని మర్చిపోయింది. వెనక్కైనా చూడకుండా బయట కాచుకున్న కొత్త యజమాని వెంట వెళ్లిపోయింది.

ఎనిమిది గోడల ఇటుక భవనం అది. లోపల ఒక్క స్తంభం లేదు. దూలాలన్నీ గొడుగు పుల్లల్లా నడినెత్తిన కలుసుకుంటాయి. అక్కడి గాజు పలకల్లోంచి దిగే వెలుగు సరిగ్గా పశువు నిలబడే బరి మీద పడుతుంది. చుట్టూ మెట్లుమెట్లుగా చెక్క బల్లలు, ఎందరు కూర్చుని లేచారో, అద్దంలా నున్నబడ్డాయి. దీన్ని కట్టిన మేస్త్రీ తన ఆవును ఎన్నిసార్లు అమ్మినా అది ఇంటికి తిరిగొచ్చేసేదట. దాని కళ్లలోకి చూడలేక, ఎక్కణ్ణుంచో ఆ నల్లరాయి తెచ్చి బయటి గుమ్మానికి పరిచాడు. మనుషులు లోపలికి వచ్చిన గుమ్మంలోంచే తిరిగి వెళ్లాలి, బయటి గుమ్మం మాత్రం పశువులది. మనుషులెవరైనా దాని దగ్గరికొస్తే "గడప!" అని అరవడమే ఇప్పుడు గడియ లాగినతని ఉద్యోగం. ఊళ్లో అతనికి ఆ పేరే మిగిలింది.

అతని కంటే ముందు కాపలా ఉన్నాయన కునుకు తీసినప్పుడు, టీ కొట్టాయన కెటిల్‌తో సహా దాటేసి పెళ్లాన్ని మర్చిపోయాడు. ఆవిడ మళ్లీ మొదట్నుంచీ పరిచయం చేసుకుంది, ఈసారి కాస్త గట్టిగా.

ఇవాళ ఆఖరి వేలం. రేపు భవనం పడగొట్టేస్తారు. వేలం తాత, తూకం చూసే మనవరాలిని తీసుకుని, దూరాన ఉన్న కూతురింటికి వెళ్లిపోతున్నాడు. తూకం కాటా ముల్లు వంక ఆమె ఒక కన్ను మూసి చూస్తుంటే, ఇన్నాళ్లూ అతని గుండెలో ఆ ముల్లే ఊగేది. ఒక్క మాట చెప్పాలి. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

వేలం మధ్యలో ఆమే అతని దగ్గరికి వచ్చింది. "ఏమయ్యా, పొద్దుట్నుంచీ చేపలా నోరు తెరుస్తున్నావు, మూస్తున్నావు. ఏంటి సంగతి?"

"ఏం లేదు. సాయంత్రం చెప్తా."

"సాయంత్రం నేను మూటలు కట్టుకోవాలి. ఆ మాట కూడా మూటలో వేసుకుపొమ్మంటావా?" అని నవ్వి కాటా దగ్గరికి వెళ్లిపోయింది.

చివరగా ఒక ఎర్ర పెయ్య మిగిలింది. పాట ముగిసి తాత సుత్తి కొట్టినా అది గుమ్మం దగ్గర కాళ్లు తన్నిపెట్టి కదలనంది. మొండికేసిన పశువుని ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, వెనక్కి నడుస్తూ లాగాలి. అది అక్కడి పద్ధతి. గడప దగ్గరికి రాగానే తాడు వదిలేసి పక్కకి తప్పుకోవాలి. కేక వింటే చాలు, ఎప్పుడు తప్పుకోవాలో తెలుస్తుంది.

తూకంలో అరచేతులు నాకిన పెయ్య కదా అని ఆమే తాడు పట్టింది. "రామ్మా, నా బంగారం, ఇటు రా," అంటూ వెనక్కి నడిచింది. గాజు వెలుగు ఆమె జుట్టు మీదుగా జారుతోంది. అతను అదే చూస్తున్నాడు. నోటి నిండా ఆ దాచుకున్న మాటే ఉంది. దాన్ని తోసుకుని కేక బయటికొచ్చేసరికి ఆమె మడమ రాతికి అవతల ఆనింది.

పెయ్య కూడా దాటింది. ఆమే, పెయ్యా ఒకళ్లనొకళ్లు కొత్తగా చూసుకున్నారు. ఆమె తాడు వదిలేసింది.

"ఇది ఎవరిదండీ?" అని అతన్ని అడిగింది. "మీరెవరు?"

తాత చేతిలో సుత్తి కింద పడింది. "అమ్మలూ..." అన్నాడు. ఆమె ఆ పిలుపు తనది కాదన్నట్టు వీధి వైపు చూసింది.

పరిగెత్తి పట్టుకుందామంటే తను కూడా దాటాలి. దాటితే ఎందుకు పరిగెత్తాడో అతనికే గుర్తుండదు. చుట్టూ తిరిగి వెళ్దామంటే కాళ్లు పెయ్య కాళ్లలా బిగుసుకుపోయాయి. చేతులు రెండూ ద్వారబంధానికి ఆన్చి నిలబడ్డాడు.

"గడప అని అరవాల్సింది నేనేనండీ," అన్నాడు. "పొద్దుట్నుంచీ ఇంకో మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నా, అది అడ్డుపడింది. మీరంటే నాకు ఇష్టమండీ. మీరు నన్ను ఏమయ్యా అని పిలిచేవారు, అప్పట్నుంచీ."