దుప్పటికి ఆ చివర

దుప్పటి రెండు మూలలూ అతని చేతుల్లో ఉన్నాయి, మిగతా రెండూ అతనితో పనిచేసే అక్క చేతుల్లో. ఇద్దరూ ఒకేసారి వెనక్కి లాగి బిగించారు. నిలువునా సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, ఒకరి వైపు ఒకరు నడిచారు. అక్క తన చివరను అతని వేళ్లకు అందించి, కిందికి వేలాడుతున్న మడతను వంగి అందుకుంది. బల్ల మీద దొంతరలో ఇంకొక దుప్పటి చేరింది. తోపుడుబండిలోంచి మరొకటి తీశారు. డ్రయర్‌లోంచి అప్పుడే వచ్చిందేమో, అంచులు చేతికి చురుక్కుమన్నాయి.

రోజూ అయితే ఈపాటికి అతను బోలెడు కబుర్లు చెప్పేసి ఉండేవాడు. ఇవాళ ఇంకా నోరు విప్పలేదు.

అది ఒక పెద్ద హోటలుకు చెందిన లాండ్రీ. భవనం వెనక మెట్లు దిగి నేల కిందికి వెళ్లాలి. గోడకు బాగా పైన ఒక పొడుగాటి కిటికీ ఉంటుంది. అందులోంచి రోడ్డు మీద నడిచే వాళ్ల పాదాలు తప్ప మరేమీ కనపడవు. సబ్బు వాసన, వేడి ఆవిరి, తడి గోడలు, వాటన్నిటి మీదా యంత్రాల రొద. అక్కడ మాట్లాడాలంటే అరవాలి. అరవడంలో అతన్ని మించినవాడు లేడు. అందరూ అతన్ని రేడియో అంటారు. అసలు పేరు సూపర్‌వైజరుక్కూడా చటుక్కున గుర్తు రాదు.

యాభై దాటిన మనిషి. సన్నటి పొడుగాటి మెడ. ఏళ్ల తరబడి గుడ్డ రాసుకుని రాసుకుని అతని వేళ్ల చివర్లు నున్నగా, గీతలు లేకుండా అయిపోయాయి. నోరు మూసుకుని ఉన్నా గొంతుముడి మాత్రం పైకీ కిందికీ ఆడుతూనే ఉంది, పెదాల దాకా వచ్చిన మాటను వెనక్కి మింగుతున్నట్టు.

వాషింగ్ మెషీన్ల దగ్గర పనిచేసే లావుపాటాయన అటుగా వెళ్తూ ఆగి, రేడియోకి బ్యాటరీ అయిపోయినట్టుందే అన్నాడు. ఇస్త్రీ చేసే ఆవిడ, పుణ్యముంటుంది, ఎవరూ కొత్తది తెచ్చి వెయ్యకండి అంది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడం ఎంత కష్టమో ఆ నవ్వులో ఎవరికీ తెలియలేదు.

దీనికంతటికీ కారణం నిన్న ఆదివారం మందిరంలో జరిగిన ఆరాధన. 

అతను విశ్వాసంలో నటించే మనిషి కాదు. ఎక్కడ ప్రార్థన కూడికలు జరుగుతుంటే అక్కడికి వెళ్తాడు. ఉపవాస ప్రార్థనలు వదలడు. పాడితే మందిరంలో అందరికంటే అతని గొంతే పైన ఉంటుంది. సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే పాస్టరుగారు గడియారం వైపు చూడాల్సిందే. అలా పాడి, చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టి బయటికొస్తే గుండె నిండిపోయేది. ఆ సంతోషం నిజమైనదే. కానీ నిలిచేది కాదు. తడిగా ఉన్నప్పుడు కనపడని మరక గుడ్డ ఆరాక తేలినట్టు, రెండు రోజులు దాటేసరికి ఆ పాత వెలితి మళ్లీ తేలేది. అప్పుడు ఇంకో కూడిక వెతుక్కునేవాడు. ఈ మధ్యనే ధైర్యం చేసి పాస్టరుగారిని అడిగాడు, ఆదివారం దొరికిన సంతోషం వారం మధ్యలో ఎక్కడికి పోతుందండీ అని. ఆయన ఆలోచిస్తానన్నాడు.

నిన్న ప్రసంగంలో ఆయన, కొత్తగా రాజైన ఒక యువకుడి సంగతి చెప్పాడు. ఏం కావాలో కోరుకోమని దేవుడంటే, ఆ యువకుడు ఆయుష్షు అడగలేదు, సంపద అడగలేదు, వినే హృదయం అడిగాడట. మన మాట దేవుడికి వినిపించాలని ఎంత పాటుపడతామో, ఆయన మాట వినడానికి అందులో సగమైనా పాటుపడుతున్నామా అని అడిగి, పాస్టరుగారు ప్రసంగం ఆపేసి, కాసేపు అందరం ఊరికే కూర్చుందామన్నాడు. 

అందరూ తలలు వంచారు. అతని వల్ల కాలేదు. దగ్గాడు. కుర్చీ సర్దుకున్నాడు. మోకాళ్లు వాటంతటవే ఊగడం మొదలుపెట్టాయి. చివరికి మంచినీళ్ల నెపంతో బయటికి వచ్చేశాడు. తలుపు సందులోంచి వెనక్కి చూస్తే భార్య కనపడింది. తల వంచుకుని, కదలకుండా, ఆ నిశ్శబ్దంలో సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. ఆమెను అలా చూస్తే అతనికి అసూయ కలిగింది. భయం కూడా వేసింది. ఇవాళ ఒక్కరోజు అవసరం లేని మాట మాట్లాడకూడదు, విని చూద్దాం అని పొద్దున బస్సులోనే నిర్ణయించుకున్నాడు.

విందామంటే ముందు నాలుక దురద పెట్టింది. తర్వాత ఒక్కొక్కటే వినపడసాగాయి. మూడో మెషీను బెల్టు కీచుమంటోంది. ఇస్త్రీ చేసే ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. ఎదురుగా అక్క, మడత అందుకోవడానికి వంగిన ప్రతిసారీ, గొంతులోనే సన్నగా అమ్మా అంటోంది. ఇది ఎప్పటినుంచీ ఉందో అతనికి తెలియదు. మొదటిసారిగా ఆమె చేతుల వైపు చూశాడు. కణుపులు వాచి అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. బొటనవేలు పూర్తిగా వంగడం లేదు.

చేతులు నొప్పిగా ఉన్నాయా అని అడిగాడు. 

"చాన్నాళ్లుగా ఉన్నాయి. అందుకేగా మానేస్తున్నాను," అంది అక్క.

"మానేయడం ఏంటి?"

"ఇవాళ్టితో సరి. మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నాను." ఆమె దుప్పటి దులిపి బిగించింది. "నీకు చెప్పాను తమ్ముడూ. రెండుసార్లు చెప్పాను."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. బయట ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పింది. అదే అతనికి ముల్లులా దిగింది.

భోజనాల వేళ చూస్తే, ఆ సంగతి తెలియనిది అతనొక్కడికే. ఇస్త్రీ ఆవిడ ఊలుతో అల్లిన మేజోళ్లు తెచ్చింది. లావుపాటాయన మిఠాయి పొట్లం తెచ్చాడు. సూపర్‌వైజరు కూడా వచ్చి రెండు మంచి మాటలు చెప్పి వెళ్లాడు. అతను వట్టి చేతులతో కూర్చున్నాడు. అక్క ఆ మాట చెప్పినప్పుడు తను ఏం వాగుతూ ఉన్నాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. బస్సులో జరిగిన గొడవ గురించా, ఏదో కూడికలో విన్న పాట గురించా? గుర్తు రాలేదు. అన్నం సయించక డబ్బా మూత పెట్టేశాడు.

మధ్యాహ్నం మళ్లీ దుప్పట్లు. బిగించడం, మడవడం, నడవడం. ఇప్పుడు అక్కే మాట్లాడింది. యంత్రాల హోరులో అతను ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"ఇన్నేళ్లలో నువ్వు చెప్పని సంగతి లేదు. మీ అత్తగారి కుక్క సంగతి కూడా నాకు తెలుసు. ఒక్క మీ పాప గురించే చెప్పలేదు. ఎప్పుడు చెబుతావా అని వింటూనే ఉన్నాను."

అతని చేతులు ఆగిపోయాయి. ఇద్దరి మధ్యా దుప్పటి తెల్లగా, బిగుతుగా నిలబడిపోయింది.

పాపను మట్టిలో పెట్టినరోజు అక్క వచ్చింది. ఆ తర్వాత అతను తిరిగి పనిలోకి వచ్చిన మొదటిరోజు కూడా ఇలాగే ఎదురుగా నిలబడింది. అతను ఆరోజే కబుర్లు మొదలుపెట్టాడు. అంతకుముందు అతను పెద్దగా మాట్లాడే మనిషే కాదు. ఆ సంగతి కూడా ఇక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు.

చెప్పాడు. ఎలా మొదలుపెట్టాడో అతనికే తెలియదు. జ్వరం ఎక్కువై పాపను అంబులెన్సులో తీసుకెళ్తున్నప్పుడు పక్కన తనొక్కడే ఉన్నాడు. భార్య వెనకాల వేరే బండిలో వస్తోంది. దారి మధ్యలో పాప కళ్లు తెరిచింది. తండ్రిని చూసి ఏదో అంది. అతను వంగి ఆ చిన్న నోటికి చెవి ఆనించాడు. పైన సైరన్ మోగుతోంది. ఆపమని డ్రైవరుని బతిమాలాడు. ఇదంతా రొద మీద గొంతు పెంచి చెబుతున్నాడు, ఎప్పటి అలవాటుగానే. సరిగ్గా అప్పుడే పనివేళ ముగిసి యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"సైరన్ ఆగేసరికి పెదాలు కదలడం మానేశాయి. ఏమందో నాకు వినపడలేదు."

ఆ మాట రొద ఆగిన గదిలో గోడగోడకీ తగిలింది. లావుపాటాయన తల దించుకున్నాడు. ఇస్త్రీ ఆవిడ చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది.

అక్క ఓదార్చలేదు. తన చివర పట్టుకుని ఎప్పటిలాగే నడిచి వచ్చింది. మూలలు అతని వేళ్లకు అందించి, వెంటనే వదలకుండా, ఆ వేళ్లను కూడా కలిపి పట్టుకుంది. 

"మీ ఆవిడకి తెలుసా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అప్పట్లో భార్య ఒకే ఒక్కసారి అడిగింది, ఏమైనా అందా అని. లేదు, నిద్రలోనే పోయింది అన్నాడు. ఆమె మళ్లీ అడుగుతుందేమోనని ఇంట్లో సందు లేకుండా మాట్లాడుతూ వచ్చాడు.

"అయితే ఇది నాకు చెప్పాల్సిన మాట కాదు తమ్ముడూ," అంది అక్క మెల్లగా. 

తర్వాత ఆమె చేతులు కడుక్కుంది. సంచీ సర్దుకుంది. అందరికీ ఒకే మాట చెప్పింది, ఉంటాను అని. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. అతను పైకిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆమె పాదాలు కనపడ్డాయి. ఇంకెవరివో పాదాలు అడ్డం వచ్చాయి. మళ్లీ చూసేసరికి లేవు.

ఇంటి దగ్గరి స్టాపులో దిగి కూడా అతను తిన్నగా ఇంటికి వెళ్లలేకపోయాడు. ఆ వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మందిరంలో పాటలు సాధన చేస్తున్నారు, డోలు చప్పుడు రోడ్డు మీదికి వినపడుతోంది. లోపలికి వెళ్లి గొంతు కలిపితే చాలు, గుండె తేలికపడుతుంది. అతనికి ఆ సంగతి బాగా తెలుసు. గేటు మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉండి, చెయ్యి తీసేసి ఇంటి దారి పట్టాడు.

భార్య వంటింటి గుమ్మంలో పీట వేసుకుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. అతను వస్తూనే టీవీ పెట్టడం ఆ ఇంట్లో అలవాటు. ఇవాళ పెట్టలేదు. ఆమె చూపు అతని నుంచి టీవీ మీదికీ, టీవీ నుంచి అతని మీదికీ వెళ్లింది. 

"పాడైందా?"

లేదంటూ అతను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. లాండ్రీలో చెప్పినంత తేలిగ్గా ఇక్కడ రాలేదు. ఇక్కడ దాక్కోవడానికి రొద లేదు. సైరన్ సంగతి చెప్పాడు, తను ఆడిన అబద్ధం చెప్పాడు. చెక్కు తీస్తున్న చెయ్యి మధ్యలోనే ఆగింది. చెక్కు ముక్క వేలాడుతూ ఉండిపోయింది. ఆమె అరుస్తుందనుకున్నాడు, లేకపోతే లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. ఆమె చాకు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, దగ్గరికి జరిగింది.

"పెదాలు ఎలా కదిలాయి?"

అతనికి ముందు అర్థం కాలేదు. తర్వాత కళ్లు మూసుకుని, ఇన్నేళ్లుగా ఎవరికీ కనపడనివ్వని ఆ కదలికను తన పెదాలతో చేసి చూపించాడు. 

"మళ్లీ చెయ్యండి."

మళ్లీ చేశాడు. ఆమె కళ్లార్పకుండా చూసింది. అమ్మా అని ఉంటుందా అన్నాడతను. ఏమో, నీళ్లని ఉండొచ్చు, దానికి ఎప్పుడూ దాహమే కదా అందామె. అని, అలాగే మాట్లాడసాగింది. పాప నిద్రలో లెక్కలు చెప్పడం, అద్దం ముందు పాస్టరుగారిలా ప్రసంగం చెయ్యడం, బూట్లు ఎప్పుడూ ఎడమది కుడికి తొడుక్కోవడం. ఇవన్నీ ఆమె ఒక్కతే దాచుకుని ఉంది, అడిగేవాళ్లు లేక. మధ్యలో ఒకటి రెండుసార్లు అతని నోటిదాకా మాట వచ్చింది. ఆపుకున్నాడు. ఆమె చెప్పడం అయ్యాక ఇద్దరూ తలలు వంచారు. పైకి ఎవరూ ప్రార్థన చెయ్యలేదు. అతని లోపల కుదురు లేదు, లేచి పోవాలని కాళ్లు పీకుతూనే ఉన్నాయి. కానీ లేవలేదు. పాప ఏమందో తెలియలేదు. తెలియకపోయినా, ఆ తెలియని మాట పక్కన ఇప్పుడు అతను ఒక్కడే లేడు. దీన్ని సంతోషం అంటారో లేదో అతనికి తోచలేదు. చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. ఎవరికైనా చెప్పాలని కూడా అనిపించలేదు.

మర్నాడు పొద్దున అతను అందరికంటే ముందే మెట్లు దిగాడు. అక్క స్థానంలోకి ఇంకా ఎవరూ రాలేదు. యంత్రాలు మొదలుకాలేదు. బండిలోంచి ఒక దుప్పటి తీసి రెండు మూలలూ పట్టుకున్నాడు, రెండో చివర నేల మీదికి జారింది. వంగి దాన్ని ఎత్తుకుంటుంటే గోడ మేకు కంటపడింది. దానికి అక్క ఏప్రన్ వేలాడుతోంది. వాచిన వేళ్లతో ముడి విప్పలేక తల మీదుగా తీసేసి ఉంటుంది, నడుము దగ్గర ఆ ముడి ఇంకా బిగిసే ఉంది.