మడిచి కుట్టిన నిద్ర

మా ఆయన పోయాక అందరి కలల్లోకీ వెళ్ళాడు, నా కలలోకి తప్ప.

పొద్దున్నే మా అత్తగారు టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, వార్తలు చదివినట్టు చెప్పేది. "రాత్రి కూడా వచ్చాడమ్మాయ్. పాపం, చిక్కిపోయాడు."

పోయిన మనిషి చిక్కడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. లోపల ఒళ్ళు మండిపోయేది. మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, అన్నయ్య కల్లోకొచ్చి నా తల నిమిరాడు" అనేది. అంతెందుకు, మాకు గుండీలు అమ్మే ఆయన కలలోకి కూడా వెళ్ళి బూడిదరంగు దారం అడిగాడట. దారం కోసం అంత దూరం వెళ్ళినవాడికి తన మంచం మీదే ఉన్న నేను కనపడలేదా?

మాది బట్టలు సరిచేసే కొట్టు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, కోట్లు వదులు చేయడం. కత్తెర ఆయనది, మిషను నాది. కొట్టు ఇరుకు కాబట్టి ఆయన బల్ల కిటికీ వైపు, నా మిషను గోడ వైపు ఉండేవి. రోజంతా ఒకరికొకరం వీపు పెట్టే పని చేసేవాళ్ళం. ఇంటికొచ్చి పడుకుంటే ఆయన గురక. ఇల్లు ఎగిరిపోయే గురక. పగలంతా "ఏవండీ" అని పిలిచే నోరే నిద్రమత్తులో మర్యాద మరిచిపోయేది. మోచేత్తో ఒక్కటిచ్చి "అటు తిరుగు" అనేదాన్ని. కళ్ళు తెరవకుండా, ఒక్క మాటనకుండా గోడ వైపు తిరిగేవాడు. పెళ్ళైన మొదటి వారం నుంచీ ఇదే తంతు.

ఆయన పోయిన కొత్తలో ఆ గురక లేక నాకు కంటిమీద కునుకు పట్టలేదు. తిండి సయించేది కాదు. మిషను ముందు కూర్చుంటే కన్నీళ్ళతో సూది కనపడేది కాదు. చివరికి మా ఆడపడుచు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ దిగులు తగ్గడానికి మాత్ర రాసింది. తగ్గింది, అబద్ధమెందుకు? నిద్ర కూడా పట్టింది. పడుకుంటే తెల్లారేది, మధ్యలో ఏమీ ఉండేది కాదు. కల అన్నదే లేదు. ఆయన నా మీద అలిగాడనుకున్నాను. బతికుండగా ఎన్నడూ అలగని మనిషి పోయాక నేర్చుకున్నాడా అని తిట్టుకున్నాను కూడా.

"నిద్ర ఎలా ఉందమ్మా?" అని ఒకసారి డాక్టరమ్మ అడిగితే నోరు జారాను.

"నిద్రకేం, మొద్దులా పడుకుంటున్నా. ఆయనే ఒక్కసారి కూడా కల్లోకి రావట్లేదు."

ఆమె కలం పక్కన పెట్టింది. "అది ఆయన తప్పు కాదమ్మా, మాత్ర వల్ల. నిద్రంతా ఒకటే కాదు. కాసేపు తేలిక నిద్ర, కాసేపు గాఢనిద్ర, ఆ తర్వాత కలలొచ్చే నిద్ర. రాత్రంతా ఇవి మారుతూ ఉంటాయి. ఈ మాత్ర ఆ కలల వంతు తగ్గిస్తుంది. అది ఎక్కువగా ఉండేది కూడా తెల్లవారబోయే ముందే. మీరెప్పుడు లేస్తారు?"

"చీకటితోనే. కొట్టు తీయాలిగా."

"అయితే మిగిలిన ఆ కాస్తా మీ అలారం మింగేస్తోంది."

నా నిద్రని పొట్టి చేశారన్నమాట. "కత్తిరించేశారా, మడిచి కుట్టారా?" అని అడిగాను. డాక్టరమ్మ తెల్లమొహం వేసింది. కత్తిరించిన బట్ట మళ్ళీ రాదు, మడిచి కుట్టింది విప్పితే వస్తుంది అని చెప్పాక నవ్వింది.

"మడిచి కుట్టిందేనమ్మా. కానీ మీ అంతట మీరు విప్పకండి. మనసు ఇంకాస్త కుదుటపడ్డాక కొంచెం కొంచెంగా తగ్గిద్దాం."

వింటేగా! ఆయన అలగలేదని తెలిశాక ఆగేదెలా? రోజూ గుమ్మం దాకా వచ్చి, తలుపు వేసుంటే చూసి తిరిగి వెళ్ళిపోతున్నాడనిపించింది. ఆ రోజే మాత్ర మానేశాను. కుట్టు విప్పేటప్పుడు ఒక్కో పోగూ తెంపాలని, లాగితే బట్ట చిరుగుతుందని పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని నేనే.

చిరిగింది. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. అయినదానికీ కానిదానికీ ఏడుపొచ్చేది. కలలు మాత్రం గట్టు తెగినట్టు వచ్చిపడ్డాయి. చిన్నప్పుడు చెవి మెలేసిన లెక్కల మాస్టారు వచ్చాడు. జిప్పు కోసం గొడవపడ్డ లావుపాటావిడ వచ్చింది. ఒక మేక వచ్చి ప్యాంటుకి కొలతలు తీయమంది, నాలుగు కాళ్ళకీ. ఊరంతా వచ్చింది. ఆయన రాలేదు.

ఒక పొద్దున కొట్లో తూలి మిషను పట్టుకుంటే, అత్తగారు నా చేత నిజం కక్కించింది.

"వాణ్ణి చూడాలని నువ్వు కూడా వాడి దగ్గరికే పోతావా ఏంటి? ఈ ఇంట్లో నాకు మిగిలింది నువ్వే కదే" అంది.

చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, చిన్నపిల్ల మీద చెప్పినట్టు నా మీద చాడీలు చెప్పింది. డాక్టరమ్మ చీవాట్లు పెట్టి మాత్ర మళ్ళీ మొదలుపెట్టించింది. నెలలు గడిచి నేను కాస్త తేరుకున్నాక, ఆవిడే మెల్లగా తగ్గిస్తూ వచ్చింది.

మాత్ర సగానికి దిగిన రోజు అత్తగారు నా అలారం గడియారం తీసుకుని తన దిండు కింద పెట్టుకుంది.

"రేపట్నుంచి షట్టర్ నేను తీస్తా. నువ్వు ఎండ వచ్చేదాకా పడుకో."

"మీకు కుట్టు రాదు కదా అత్తయ్యా."

"కూర్చోడం వచ్చు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడమూ వచ్చు. వాడు కనిపిస్తే చిన్న కత్తెర ఎక్కడ పెట్టాడో అడుగు. నేనెన్నిసార్లు అడిగినా చెప్పి చావడు."

అలా ఎండెక్కేదాకా పడుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళు ఏవో తలాతోకా లేని కలలు. నిన్న పొద్దున వచ్చాడు.

రావడమంటే ఏమీ ఆర్భాటం లేదు. నా పక్కన పడుకుని గురక పెడుతున్నాడు. అదే పాత బనీను, బట్టల మీద రుద్దే సుద్ద వాసన, అదే గురక. నా వైపే తిరిగి ఉన్నాడు. గదిలో చీకటి, మొహం ఇంకా సరిగా ఆనలేదు. ఆ గురక చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. ఇక ఏ దిగులూ లేదనిపించింది. అంత హాయిలో, నా మోచెయ్యి దాని పని అది చేసేసింది.

"అటు తిరుగు."

తిరిగాడు. కళ్ళు తెరవకుండా, ఒక్క మాటనకుండా, గోడ వైపు. వీపు మీద చెయ్యి వేద్దామని చాచేసరికి ఎండ కళ్ళలో పడింది.

కొట్టుకి వెళ్తే అత్తగారు నా మొహం చూసి లేచి నిలబడింది. "వచ్చాడా?"

"వచ్చాడు."

"చిక్కిపోయాడు కదూ?"

"లేదత్తయ్యా. వీపు అలాగే ఉంది."

"కత్తెర సంగతి అడిగావా?"

"నిద్రపోతున్నాడు. లేపలేదు."

"మంచి పని చేశావు" అని కళ్ళు తుడుచుకుంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఇటు తిరగమని ఒక్కసారి కూడా అడగలేదు. ఎటు తిరిగినా పక్కనే ఉండేవాడు, ఇక అడిగేదేముంది? ఇప్పుడు మాత్రం పడుకునే ముందు ఆ మాటే నోట్లో అనుకుంటున్నాను, ఈసారి వస్తే అలవాటు కొద్దీ నోరు జారకుండా. ఇటు తిరుగు. ఇటు తిరుగు.