ఎడమచేతి కొడవలి

నేను ఒక ఎడమచేతి కొడవలిని. కొడవలికి కుడి ఎడమలేమిటని నవ్వకండి. వరి కోసే కొడవలికి కక్కు, అంటే పళ్ళు, ఒక పక్కనే కొడతారు. లోకమంతా కుడిచేతి వాటం కాబట్టి కమ్మరి చెయ్యి ఆ పక్కకే అలవాటు పడి ఉంటుంది. నన్ను చేసిన మౌనాచారి మాత్రం ఎడమచేతి వాటం మద్దిలమ్మ కోసం తిప్పి కొట్టాడు, కొడుతూ ఆటపట్టించాడు కూడా.

"ఏమ్మే, అన్నం గూడా ఎడంచేత్తోనే తింటావా ఏంది?"

"తినేది కుడిచేత్తోనే లే ఆచారీ. ఆ అన్నాన్ని కోసేదే ఎడంచేత్తో!"

కొలిమిలో నుంచి వచ్చిన నేను మొట్టమొదట విన్న మాట అది. అటువంటి మనిషి చేతిలో పడ్డందుకు పొంగిపోయాను.

కాలువ కింద మడికట్లలో మద్దిలమ్మ వంగితే గాలి వీచినట్టు ఉండేది కోత. ఆమె పక్క సాలులో నిలబడడానికి మాత్రం కూలోళ్ళు జంకేవాళ్ళు. అందరి కొడవళ్ళూ ఒకవైపు పోతుంటే నేను ఎదురు వస్తాను గదా! లింగన్న పెండ్లాం భారతమ్మ ఒక్కతే ధైర్యం చేసేది. "చిన్నమ్మా, నా చెయ్యి జాగర్త" అంటూ నవ్వుతూ కోసేది. ఎన్ని మోపులు కోశానో నన్నెవరూ అడగలేదు. ఇనుమును ఎవరడుగుతారు?

ఆ ఏడు కాలువలో నీళ్ళు సన్నగిల్లాయి. ఒకనాటి మధ్యాహ్నం మద్దిలమ్మ గట్టు మీది గడ్డి కోసి, నన్ను మడిలోకి నీళ్ళు వదిలే మడవ పక్కన పెట్టి సంగటి తినడానికి పోయింది. ఆమె కొడుకు ఉసేని, భారతమ్మ మొగుడు లింగన్న ఆ మడవ దగ్గరే నీళ్ళ వంతు కోసం మాటామాటా అనుకున్నారు. తోసుకున్నారు. బురదలో పొర్లారు. నేనక్కడ లేకపోతే చొక్కాలు చినిగేవి, ఒకరి పన్ను ఊడేదేమో, పొద్దు గూకేసరికి ఇద్దరూ ఇండ్లకు పోయేవాళ్ళు. కానీ ఉసేని చేతికి నేను తగిలాను. కుడిచేతిలో నా పళ్ళు తిరగబడి ఉన్నాయి. గడ్డి కొయ్యడానికైతే పనికిరాను. మెడకు వాటం అక్కరలేదని ఆ రోజే తెలిసింది నాకు.

లింగన్న మళ్ళీ లేవలేదు. ఉసేని నన్ను కాలువలో విసిరి పారిపోయాడు.

ఇక నా వైభవం చూడండి! పోలీసులు నీళ్ళలో వెదికి తీశారు. తెల్లగుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసి, మెడలో చీటీ కట్టారు. ఊరికి అన్నం పెట్టినప్పుడు దక్కని మర్యాద ఒక మనిషిని చంపినందుకు దక్కింది. కోర్టులో గుడ్డ విప్పగానే అందరూ మెడలు చాచి చూశారు. నల్లకోట్లవాళ్ళు సైతం నన్ను వేలికొసలతో పట్టుకున్నారు.

ఉసేని తరఫు వకీలు లేచి, ఇంటింటికీ కొడవళ్ళున్నాయనీ, ఇది ఆ ఇంటిదని రుజువేదనీ గట్టిగా అడిగాడు. మద్దిలమ్మను బోనెక్కించారు. ఆమె నన్ను కుడిచేత్తో అందుకుంది. ఎవరు నూరిపోశారో! నా పిడి ఆ చెయ్యి ఎరగదు.

"ఇది మీదేనా అమ్మా?" అన్నాడు సర్కారు వకీలు.

"తెలీదు సామీ. కొడవండ్లన్నీ ఒగే మాదిరుంటాయి."

అంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ నా పళ్ళ వాటం కనపడలేదు. బల్ల మీద కూర్చున్న భారతమ్మ లేచి నిలబడింది.

"చిన్నమ్మా! నీ పక్క సాలులో కోసినదాన్ని. నా మొగం చూసి చెప్పు."

"కూర్చోమ్మా, మధ్యలో మాట్లాడకూడదు" అన్నాడు జడ్జీ.

మద్దిలమ్మ ఆ మొహం చూసింది. బొట్టు లేని మొహం. తరువాత నిందితుడి బోనులో కొడుకును చూసింది. కుడిచేతిలో నుంచి ఎడమచేతికి మార్చుకుంది నన్ను. నేనేమంత బరువు? కానీ ఆ చేతి నుంచి ఈ చేతికి రావడానికి ఒక కయ్య వరి కోతకు పట్టినంత కాలం పట్టినట్టనిపించింది. ఏళ్ళ తరబడి నన్ను అరగదీసిన బొటనవేలు తన చోట తాను కూర్చుంది.

"నాదే సామీ. ఎడంచేతిది. మా ఊర్లో ఇంగొగటి లేదు. మడవ కాడ పెట్టి సంగటికి పోయింటి."

"అమ్మా!" అని అరిచాడు ఉసేని.

"నన్నడక్కుండా తీస్కపోయినావు గద నాయనా" అంది ఆమె. నా పిడి మీద పట్టు సడలలేదు.

ఇనుమును వంచిన మౌనాచారి బలం నాకు తెలుసు. మెడ తెంచిన ఉసేని బలమూ తెలుసు. ఆ తల్లి చేతి బలం ముందు అవి రెండూ నాకు గడ్డిపోచలైపోయాయి.

నన్ను బల్ల మీద పెడుతూ ఆమె జడ్జీకి దండం పెట్టింది.

"దీన్ని ఇంగెవురికీ ఇయ్యొద్దు సామీ. నాగ్గూడా."

ఇప్పుడు కోర్టు సామాన్ల గదిలో నాటు తుపాకీకీ గడ్డపారకూ నడుమ తుప్పు పడుతున్నాను. ఉసేనికి పడిన శిక్ష మీద అప్పీళ్ళు తేలాక నన్ను విరగ్గొడతారట. అప్పుడప్పుడు దుమ్ము దులపడానికి ఎవరో ఒకరు నన్ను పైకి తీస్తారు. అందరిదీ కుడిచెయ్యే. ఎక్కడో వాటం కుదరక, ఎందుకో తెలియక, చప్పున కింద పెట్టేస్తారు.