నీలం పెంకు

విమానాశ్రయంలో సామాను తనిఖీ దగ్గర బెల్టు ఆగిపోయింది. తెర ముందు కూర్చున్న ఉద్యోగి పక్కవాణ్ణి పిలిచాడు. ఇద్దరూ వంగి చూశారు. తర్వాత కోడలి బ్యాగు విడిగా తీసి, శాలువా మడతల్లోంచి ఒక చేతిరుమాలు మూట బయటికి లాగారు. విప్పితే అందులో అరచేయంత కూడా లేని పెంకు ముక్క ఉంది. దాని మీద నీలం పూత, ఒక మూల సన్నటి తెల్ల తీగ.

"ఇది మీదేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు ఉద్యోగి.

కోడలు ఆ ముక్కను అంతకుముందు చూడలేదు. చేతిరుమాలును మాత్రం గుర్తుపట్టింది.

వెనక నిలబడ్డ అత్తగారు మెడ చాచి చూసి, "అది నాదే. మెత్తగా ఉంటుందని నీ శాలువాలో పెట్టాను. వాళ్ళకెందుకట?" అంది.

అత్తగారు పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన టైలరింగ్ షాపును ఇప్పటికీ నడుపుతోంది. కోడలిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఈ ప్రయాణానికి ముగ్గురూ రావాల్సింది. ఆఖరి నిమిషంలో కొడుక్కి సెలవు దొరకలేదు. కట్టిన డబ్బు వృథా అవుతుందని ఆడవాళ్ళిద్దర్నీ పంపించాడు. ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా గొడవలు లేవు, కబుర్లూ లేవు. ఊరు కాని ఊళ్ళో, గైడు వెంట పాత రాజభవనం చూస్తున్నప్పుడు కూడా అలాగే తిరిగారు.

పాస్‌పోర్టులు తీసుకున్నారు. విమానం వెళ్ళిపోయింది. ఇద్దర్నీ ఊళ్ళోని పోలీసు కార్యాలయానికి తీసుకెళ్ళి, గోడవారన ఇనుప బెంచీ మీద కూర్చోబెట్టారు. కాసేపటికి ఒక అధికారి వాళ్ళ భాషలో రాసిన కాగితం తెచ్చి సంతకం పెట్టమని సైగ చేశాడు. సంతకం పెడితే వదిలేస్తారేమోనని కోడలు పెన్ను అందుకుంది.

"చదవకుండా పెట్టకు. షాపు అద్దె కాగితాల మీద మీ మామయ్య అలాగే పెట్టాడు. ఆయన పోయినా ఆ తగువు పోలేదు" అంది అత్తగారు.

కోడలు పెన్ను కింద పెట్టి, మన దేశ రాయబార కార్యాలయానికి ఫోన్ చేయనివ్వమని అడిగింది. అక్కడివాళ్ళు ఒక లాయరు నంబరు ఇచ్చారు.

సాయంత్రానికి లాయరమ్మ వచ్చింది. ఆమె వెంట ఒక నర్సు. ఆ ఊరి ఆసుపత్రిలో పనిచేస్తూ, తెలుగువాళ్ళు ఇలా చిక్కుల్లో పడ్డప్పుడు మాట సాయానికి వస్తూ ఉంటుంది. లాయరమ్మ చెప్పినదాన్ని నర్సు తెలుగులో చెప్పింది. పాత కట్టడాలకు చెందినదేదైనా, నేల మీద రాలిపడిన ముక్కైనా సరే, తీసుకెళ్ళడం అక్కడ నేరం. జైలు కూడా పడొచ్చు. తెలియక చేశారని నమ్మితే జరిమానాతో పోతుంది. బ్యాగు కోడలిది కాబట్టి కేసు కోడలి మీదే ఉంది.

కొడుక్కి ఫోన్ కలిపారు. మాట స్పష్టంగా వినపడక కోడలు స్పీకరు పెట్టింది.

"అమ్మ పేరు ఎత్తకు. ఆవిడకసలే బీపీ. నేనే తీసుకున్నానని ఒప్పేసుకో. ఫైను కట్టి వచ్చేయండి" అన్నాడు.

"జైలంటే?"

"అంతదాకా రాదులే" అని నీళ్ళు నమిలాడు.

అత్తగారు ఫోన్ లాక్కుంది. "ఒరేయ్, నా చేత్తో నేను తీసుకున్నదాన్ని దానికెందుకు అంటగడతావు? బీపీ నాకుంది, నీకు కాదు. పెట్టెయ్."

లాయరమ్మ నర్సుతో ఏదో అంది. "అక్కడివి ముట్టుకోవద్దని గైడు మీకు చెప్పాడా అమ్మా?" అని నర్సు అడిగింది.

"ఏమో తల్లీ. ఆయన ఇంగ్లీషులో ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను అడిగినప్పుడల్లా, రాజులూ యుద్ధాలూ అని చెప్పింది మా కోడలు."

కోడలు మధ్యలో అందుకుంది.

"చెప్పాడు. రాలిన ముక్క కూడా తియ్యకూడదని, తీస్తే కేసవుతుందని బస్సు దిగగానే చెప్పాడు, లోపలికెళ్ళాక కూడా చెప్పాడు. అత్తయ్యకి నేనే చెప్పలేదు."

అది విని లాయరమ్మ కళ్ళజోడు తీసింది. ఆమె మాటల్ని నర్సు నెమ్మదిగా చెప్పింది: "ఇది కోర్టులో మీరు బయటపెడితే, నేరమని తెలిసిన మనిషి బ్యాగులోనే ముక్క దొరికినట్టవుతుంది. ముక్క సంగతి మీకు తెలియదంటే జడ్జి నమ్మకపోవచ్చు. అడగనిదానికి జవాబు చెప్పక్కర్లేదు."

అత్తగారు కోడలి వైపు చూడలేదు. "ఎందుకు చెప్పలేదు?"

"ఫోటోలు తీసుకుంటున్నాను. ప్రతీదీ మళ్ళీ తెలుగులో చెప్పాలంటే విసుగేసింది."

"విసుగా" అంది అత్తగారు.

పొద్దున కోర్టుకు తీసుకెళ్ళారు. కోర్టంటే తెల్ల సున్నం వేసిన గది, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, మూల నీళ్ళ డబ్బా. జడ్జి మామూలు కోటులో ఉన్నాడు. పురావస్తు శాఖ నుంచి వచ్చిన ఆయన ముక్కను బల్ల మీద పెట్టాడు. అది ఆ పాత రాజభవనం గోడదేనని, అలాంటి నీలం పూత వేయడం ఇప్పుడెవరికీ తెలియదని, దొరికిన ప్రతి ముక్కనూ తిరిగి గోడకు అతికిస్తున్నామని చెప్పాడు.

ముక్క తీసింది తనేనని అత్తగారు చెప్పింది. ఎందుకు తీశారని జడ్జి ఆమెను అడిగాడు.

"రంగు కోసమండీ" అంది అత్తగారు. "అంత నీలం నేనెక్కడా చూళ్ళేదు. నోటితో చెబితే ఏ బట్టల కొట్టువాడికీ అర్థం కాదు. మచ్చు చూపించాలి. ఒక జాకెట్టు అంచుకైనా ఆ రంగు దొరుకుతుందేమోనని తీసుకున్నాను. గోడకి అతికిస్తారని తెలిస్తే ముట్టుకోను."

'మచ్చు'కి నర్సుకు మాట తట్టలేదు. అత్తగారు పర్సులోంచి రెండు గుడ్డపీలికలు తీసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించింది. జడ్జి తలూపాడు.

ఇంకేమైనా చెప్పుకుంటారా అని కోడల్ని అడిగాడు. గైడు హెచ్చరిక సంగతి అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. లాయరమ్మ కాగితాలు సర్దుకుంటోంది. కోడలు లేచి నిలబడింది. గైడు ఏం చెప్పాడో, తను అత్తగారికి ఏం చెప్పలేదో, అంతా చెప్పేసింది. లాయరమ్మ ఫైలు మూసేసింది.

జడ్జి పక్క గదిలోకి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చాడు. ముక్క సంగతి కోడలికి తెలియదంటే నమ్ముతున్నానన్నాడు. అయితే భాష రాని పెద్దావిడ తరఫున వినే పని ఆమెదేనని, ఆ పని ఆమె చేయలేదని అన్నాడు. అత్తగారిని మందలించి వదిలేశాడు. కోడలికి జరిమానా వేసి, కొన్నేళ్ళపాటు ఆ దేశంలో అడుగుపెట్టకూడదన్నాడు.

"అంటే నేను మళ్ళీ రావచ్చు, మా కోడలే రాకూడదన్నమాట" అంది అత్తగారు. నర్సు నవ్వాపుకుంది.

బయట వరండాలో పురావస్తు శాఖాయన అత్తగారి దగ్గరికొచ్చి, ముక్క ఎక్కడ దొరికిందో గుర్తుందా అని అడిగాడు. మెట్లు దిగాక ఎడంవైపు గోడ, విరిగిన కిటికీ కింద అని ఆమె చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఇంకొక్కసారి చూస్తానని అత్తగారు అడిగితే, ముక్కను పెట్టుకున్న డబ్బా మూత తీశాడు. వరండాలో ఎండ పడేచోటికి డబ్బాను జరిపించుకుని, అత్తగారు తనివితీరా చూసింది. ఫోటో తీయనా అని కోడలు అడిగితే వద్దంది. ఫోటోలో ఆ రంగు రాదంది.

మర్నాడు వేరే విమానంలో సీట్లు దొరికాయి. విమానం పైకి లేచాక కోడలు, "తప్పు నాదే అత్తయ్యా" అంది.

"నీదే. నాకు కోపంగానే ఉంది. ఇంటికెళ్ళాక కూడా ఉంటుంది" అంది అత్తగారు. కొంచెం ఆగి, "గైడు సంగతి ఎవరూ అడక్కపోయినా లేచి చెప్పావు. అది కూడా చూశాను. ఇప్పుడా కిటికీ ముయ్యి, ఎండ మొహాన కొడుతోంది" అంది.

కోడలు కిటికీ మూసింది. కాసేపటికి అత్తగారు నిద్రపోయింది.